రెండు పచ్చల మధ్య

మొదటి రోజు: రాజమహేంద్రవరం, ధవళేశ్వరం, కడియం

కొవ్వూరు దాటి రైలు వంతెన మీదికి వచ్చేసరికి అప్పుడప్పుడే తెల్లవారుతోంది. ధనుర్మాసం రావడానికి ఇంకా వారం ఉన్నా నది మీద మంచు దట్టంగా పట్టి ఉంది. పాత హేవలాక్ వంతెన స్తంభాలు ఒకదాని వెనుక ఒకటి పలచబడుతూ, అవతలి ఒడ్డు చేరకముందే మంచులో కలిసిపోయాయి. నా సామానులో ఒక చిన్న ప్రొజెక్టరు, ఆరు గాజు చట్రాలు, రెండు గోనె పట్టాలు, కొన్ని పారదర్శక ఫిల్ములు ఉన్నాయి. కెమెరా ఉంది గాని ఈ ప్రయాణంలో దానికి పని తక్కువ. బొమ్మను అచ్చువేసే పనిని ఎండకూ ఆకుకూ అప్పగించి ఎనిమిదేళ్ళయింది. ఇన్నాళ్ళూ కోసిన ఆకుల మీదే చేశాను. ఈసారి బతికి ఉన్న వరినారు మీద చేయాలన్న కోరికతో కోనసీమలోని మా పిన్ని వాళ్ళ ఊరికి బయలుదేరాను.

ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. ఇంగ్లండుకు చెందిన హెదర్ ఆక్రాయిడ్, డాన్ హార్వీ అనే ఇద్దరు కళాకారులు 1990లో ఇటలీలో గోడల మీద గడ్డి మొలిపించినప్పుడు, ఆ గోడకు ఆనించిన నిచ్చెనను తీసి చూస్తే దాని నీడ పడినంత మేరా గడ్డి పాలిపోయి, నిచ్చెన ఆకారం అలాగే నిలిచి కనిపించిందట. అక్కడి నుంచి వారు చీకటి గదిలో మొలకల మీద నెగటివ్‌ను ప్రొజెక్టరుతో పడేలా చేసి మనుషుల ముఖాలను గడ్డిలో పెంచడం మొదలుపెట్టారు. 2007లో లండన్‌లోని నేషనల్ థియేటర్ భవనం మీద, రంగస్థలానికి పైన లేచి ఉండే ఎత్తైన బురుజును గడ్డితో కప్పిందీ వీరే. వారి పని గురించి మొదటిసారి చదివిన రోజునే నాకు మన నారుమడి గుర్తుకొచ్చింది. వరి కూడా గడ్డి జాతి మొక్కే కాబట్టి, నారు పోసే వాళ్ళ ముఖాలు నారులోనే ఎందుకు మొలవకూడదని అనిపించింది.

రాజమహేంద్రవరంలో దిగి నేరుగా ధవళేశ్వరం వెళ్ళాను. గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలే చోటు ఇదే. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు ముక్కలుగా, మధ్య మధ్య లంకలను ఆసరా చేసుకుని సాగే ఈ కట్టడంలో ఇప్పుడు మనం చూసేది 1982లో పూర్తయిన బ్యారేజి. దానికి ముందున్న ఆనకట్టను ఆర్థర్ కాటన్ 1847 నుంచి 1852 వరకు కట్టించాడు. ఆ పని మొదలు కావడానికి ఐదేళ్ళ ముందు, 1842లో, జాన్ హెర్షెల్ అనే శాస్త్రవేత్త పూలరసం పూసిన కాగితాలను వారాల తరబడి ఎండలో ఉంచి, రసం వెలిసిన చోట్ల బొమ్మ తేలడం గమనించి రాశాడు. ఒకే దశాబ్దంలో జరిగిన ఈ రెండు పనులకూ ఒకదానితో ఒకటి సంబంధం లేదు, కాని నేను చేయబోయే పనికి రెండూ కావాలి. కాలువ లేకపోతే దాళ్వా, అంటే రబీ వరి, లేదు; దాళ్వా లేకపోతే డిసెంబరులో నారుమడి లేదు.

సాయంత్రానికి కడియపులంక చేరాను. ఇక్కడి నర్సరీలను పగలు చూసినవాళ్ళు చాలామంది ఉంటారు. చలికాలంలో రాత్రి కూడా చూడాలి. చీకటి పడ్డాక చామంతి మళ్ళ మీద వరుసలు వరుసలుగా కట్టిన కరెంటు బల్బులు వెలుగుతాయి. దూరం నుంచి చూస్తే పెళ్ళివారి పందిరి అనుకుంటాం, దగ్గరకు వెళితే మోకాలెత్తు మొక్కలు తప్ప ఎవరూ ఉండరు. చామంతి పొడవైన రాత్రులు వస్తేనే మొగ్గ తొడిగే మొక్క. మొక్క ఇంకా ఎదగకముందే చలికాలపు రాత్రి దాన్ని పూతకు తెస్తుంది కనుక, రాత్రి మధ్యలో వెలుగు చూపించి ఆ పొడవును తెంచేస్తారు. రాత్రి తెగితే మొక్కకు అది వేసవి లెక్కే, కాబట్టి పూత ఆపి కొమ్మలు వేస్తూ పోతుంది. మొక్కలు పగటి రాత్రి నిడివిని కొలుస్తాయన్న సంగతిని గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు 1920లో పొగాకు మొక్కల మీద చేసిన పరిశీలనలతో ప్రకటించారు. కడియం రైతులు దాన్ని తీగకు కట్టి మడి మీద వేలాడదీశారు. ఒక బల్బు కింద కూర్చుని చామంతి ఆకును వెలుగుకు అడ్డం పెట్టి చూశాను. ఈనెల మధ్య పలచని చోట్ల వెలుగు ఆకుపచ్చగా దిగి వస్తోంది. నేను చేసే పనినే వీళ్ళు కొన్ని ఎకరాల మేర, పూల ధర చూసుకుంటూ చేస్తున్నారని అక్కడ కూర్చున్నంతసేపూ అనిపించింది. ఆ రాత్రి చాలాసేపటి దాకా అక్కడి నుంచి లేవబుద్ధి కాలేదు.

రెండో రోజు: కడియపులంక

ఒక నర్సరీ యజమాని తన షేడ్‌నెట్ పక్కన బల్ల వేసుకోవడానికి ఒప్పుకున్నారు. మెట్టతామర ఆకులు నాలుగు, చేమ ఆకులు రెండు కోసి ఇచ్చారు. ఆకు మీద పారదర్శక ఫిల్మును పరచి, పైన గాజు, కింద చెక్క పెట్టి క్లిప్పులతో బిగించి, ఆకు వాడిపోకుండా తొడిమకు తడి దూది చుట్టి ఎండలో పెట్టాలి. ఫిల్ములో నల్లగా ఉన్న భాగం ఆకును కాపాడుతుంది. తెల్లగా ఉన్న చోట ఎండ దిగి పత్రహరితాన్ని చెరిపేస్తుంది. వేసవిలో ఒక్క రోజు చాలు, ఈ నెలలో రెండు మూడు రోజులు పడుతుంది. వియత్నాంలో పుట్టి అమెరికాలో స్థిరపడిన బిన్ డాన్ అనే కళాకారుడు తన దేశపు యుద్ధకాలం నాటి ఛాయాచిత్రాలను ఇలాగే ఆకుల మీద అచ్చువేశాడు. ఆ యుద్ధంలో చనిపోయిన మనుషులు ఆ మట్టిలో కలిశారనీ, ఆ మట్టిలోంచే ఆకులు వస్తున్నాయనీ ఆయన భావన. ఆ పని చూశాకే నేను ఈ దారి పట్టాను.

బడిలో మనమందరం చేసిన ప్రయోగం ఇక్కడ గుర్తు చేసుకోవచ్చు. కుండీలోని మొక్క ఆకుకు నల్లకాగితం కట్టి, ఎండలో పెట్టి, ఆకును ఆల్కహాలులో ఉడికించి అయోడిన్ వేస్తే, వెలుగు తగిలిన చోట మాత్రమే నీలంగా మారుతుంది. ఎండలో ఆకు పిండిపదార్థం తయారు చేసుకున్న గుర్తు అది. నేను చేసేది దానికి తలకిందులు. కోసిన ఆకులో ఎండ కట్టడం ఉండదు, కూల్చడమే ఉంటుంది. ఈ ఎనిమిదేళ్ళలో నన్ను కలవరపెట్టింది కూడా అదే. అందంగా వచ్చిన ప్రతి బొమ్మ వెనుకా చనిపోతున్న ఒక ఆకు ఉంది.

యజమాని సాయంత్రం వచ్చి చట్రం ఎత్తి చూసి, “ఏమీ రాలేదండీ” అన్నారు. రాలేదు. మంచు పది గంటల దాకా విడవలేదు. చట్రాలను అలాగే మూటగట్టుకున్నాను.

మూడో రోజు: కోనసీమ

రావులపాలెం మీదుగా బస్సులో వచ్చాను. అటూ ఇటూ కొబ్బరితోటలు, వాటి నీడలో అరటి, కోతలు అయిపోయిన చేలలో కుప్పలు. బాబాయికి ముందే ఫోనులో చెప్పి ఉంచడం వల్ల నాలుగు కుంచాల వడ్లు రాత్రే నానబోసి ఉంచారు. విత్తనం ఎంటీయూ 1010. మార్టేరు పరిశోధనా స్థానం తయారు చేసిన ఈ రకానికి కాటన్‌దొర సన్నాలు అని పేరు. మొన్న చూసి వచ్చిన ఆనకట్ట కట్టిన మనిషి పేరే గింజకు పెట్టుకున్నారని బాబాయి చెప్పినప్పుడు, ఇక వేరే విత్తనం గురించి ఆలోచించలేదు.

మధ్యాహ్నం నీరు వంచి, గింజలను తడి గోనెసంచిలో పోసి, మూతి కట్టి, గడ్డి కప్పి, పైన బరువు పెట్టి మండె కట్టారు. రాత్రి బాబాయి నా చేతిని గడ్డి కిందికి తీసుకెళ్ళి సంచి మీద పెట్టించారు. జ్వరం వచ్చిన పిల్లవాడి ఒళ్ళులా వెచ్చగా ఉంది. గింజ లోపల మేలుకున్నప్పుడు పుట్టే వేడి అది. “ఎక్కువ కాగితే మొలక కమిలిపోద్దమ్మాయ్, అందుకే తెల్లారే దాకా రెండుసార్లు నీళ్ళు చిలకరించాలి” అని చెప్పి, నన్ను లేపకుండా తానే లేచి చిలకరించారు.

నాలుగో రోజు

ఎవరి ముఖం అన్న ప్రశ్నకు పిన్ని దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. బాబాయి చేలో ముప్పై ఏళ్ళకు పైగా నారు తీసి నాట్లు వేసిన పెద్దావిడ ఒకరు ఆ వీధి చివరనే ఉంటారు. ఊళ్ళో చిన్నాపెద్దా అందరూ మామ్మ అనే పిలుస్తారు. ఇప్పుడు వంగలేరు గాని నారుమడి పోసే రోజున గట్టు మీద కూర్చుని చెప్పకపోతే ఆవిడకు తోచదు.

ఆవిడ దగ్గర పాత ఫోటో ఒక్కటీ లేదు. 1996 నవంబరు 6న వచ్చిన తుఫానులో ఇంటి కప్పు పోయి, పెట్టెలో ఉన్నవన్నీ నీళ్ళలో నాని అట్టలు కట్టాయి. పెళ్ళినాటి ఫోటో, పోయిన కొడుకు చిన్ననాటి ఫోటో ఒకదానికొకటి అతుక్కుపోయి విడదీయబోతే రెండూ చిరిగాయి. ఆ సంగతి ఆవిడ కళ్ళు తుడుచుకోకుండా, కొబ్బరిచెట్లు ఎన్ని పడ్డాయో చెప్పినట్టే చెప్పారు. నేను చేయబోయేది వివరిస్తే కాసేపు ఆలోచించారు.

“నా మొకం నారులో మొలిపిత్తారా అమ్మాయిగారండీ? ఇన్నేళ్ళూ దాని మొకం నేను చూశాను. ఇప్పుడది నన్ను చూత్తాదన్నమాట.”

వాకిట్లో, ఎదురుగా కొబ్బరాకుల నీడ పడకుండా స్టూలు మీద కూర్చోబెట్టి ఫోటో తీశాను. నవ్వమని అడగలేదు.

ఐదో రోజు

సార్వా (ఖరీఫ్) ధాన్యం అమ్మేశాక ఖాళీ అయిన కొట్టుగది నాకు దొరికింది. కిటికీకి దుప్పటి మేకులతో కొట్టి, తలుపు సందులకు పాత పంచెలు దోపి చీకటి చేశాం. గోనె పట్టాను నాలుగడుగుల వెదురు చట్రానికి బిగించి, కాలువ ఒడ్డు నుంచి తెచ్చిన ఒండ్రు పూసి, ముల్లు పోసిన గింజలను దాని మీద ఒత్తుగా అద్దాను. చట్రాన్ని నిలబెట్టిన గంటకు, మధ్యనున్న మట్టి మొత్తం ఒక్క ముద్దగా జారి నేల మీద పడింది. రెండు కుంచాల మొలక పోయింది. మట్టిలో నీరు ఎక్కువైంది, పట్టుకు ఏమీ కలపలేదు. ఇంత దూరం వచ్చి ఆ ఒక్క సంగతి పరీక్షించి చూసుకోకపోవడం నా తప్పు. పిన్ని వంటింట్లోంచి చిక్కటి గంజి తెచ్చి మట్టిలో కలిపి పిసికి ఇచ్చారు. మిగిలిన గింజలతో మళ్ళీ అద్దాను. ఈసారి నిలిచింది.

ఇక్కడ ఆకు పనికీ నారు పనికీ ఉన్న తేడా చెప్పాలి. ఆకు మీద ఫిల్ము అసలు బొమ్మలాగే ఉండాలి, నల్లవి నల్లగా, తెల్లవి తెల్లగా. నారు మీద నెగటివ్ వేయాలి. చీకటిలో మొలిచిన వరిమొక్క పసుపుగా ఉంటుంది. పత్రహరితం తయారీలో చివరి మెట్టు ఒకటి వెలుగు పడితే తప్ప జరగదు. పసుపు వన్నె ఇచ్చే పదార్థాలకు ఆ అవసరం లేదు. అందువల్ల వెలుగు పడిన చోట మొలక ముదురు ఆకుపచ్చగా, పడని చోట పసుపుగా, కొద్దిగా పడిన చోట ఆ రెండింటికీ నడుమ ఎదుగుతుంది. మామ్మ జుట్టు, కనురెప్పలు, ముడతల లోతులు ఆకుపచ్చవుతాయి. నుదురు, తెల్లచీర పసుపుగా మిగులుతాయి. కోసిన ఆకులో పచ్చదనాన్ని చెరిపిన వెలుగే ఇక్కడ పచ్చదనాన్ని పుట్టిస్తుంది. ఎనిమిదేళ్ళుగా నాకు కావలసింది ఇదేనని, ప్రొజెక్టరు మొదటిసారి వెలిగించి ఒండ్రు మీద, గింజల మీద ఆ పెద్ద ముఖం తిరగబడిన వెలుగునీడల్లో కనిపించినప్పుడు అర్థమైంది.

ఆరో రోజు: అంతర్వేది

మొలక పైకి రావడానికి రెండు రోజులు పడుతుంది గనుక అంతర్వేది వెళ్ళివచ్చాను. స్వామి దర్శనం చేసుకుని, వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా నడిచాను. నది నీరు ఒక రంగు, సముద్రం ఒక రంగు, మధ్య గీత ఎక్కడా నిలవదు. సఖినేటిపల్లి రేవులో పంటు మీద నరసాపురం వెళుతున్న జనాన్ని కాసేపు చూసి, చీకటి పడేసరికి ఇంటికి చేరాను. కడియంలో బిగించిన చట్రాలను దారి పొడవునా ఎండలో ఉంచడంతో మెట్టతామర ఆకు ఒకదాని మీద చామంతి మడి, బల్బుల వరుస లేతగా దిగాయి. దాన్ని పిన్నికి ఇచ్చాను.

ఏడు, ఎనిమిది రోజులు

మొలకలు అంగుళం లేచాయి. నిలువుగా నిలబెట్టిన పట్టా మీద మొలిచినా ప్రతి పోచా అడ్డంగా బయటికి వచ్చి, వెంటనే పైకి వంగుతుంది. ఆ తరువాత వెలుగు వచ్చే వైపు ఒరుగుతుంది. చార్లెస్ డార్విన్, ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ గడ్డి మొలకల కొసలకు చిన్న టోపీలు తొడిగి, వెలుగును పసిగట్టేది కొస అనీ, వంగేది దాని కింది భాగమనీ 1880లో తేల్చారు. కొట్టుగదిలో వేల కొసలు ఒక్క ప్రొజెక్టరు వైపు తిరిగి ఉండడం చూస్తే ఆ మాట ఎవరూ చెప్పనవసరం లేదు.

ఎనిమిదో రోజు తెల్లవారుజామున నీళ్ళు చిలకరించడానికి వెళ్ళాను. ఇంకా చిలకరించకముందే ప్రతి పోచ కొసనా ఒక నీటిబొట్టు ఉంది. వేరు తాగిన నీరు ఆకు కొసన ఊరి నిలుస్తుంది. ఉదయం చేలో కాళ్ళు తడిపేది మంచు ఒక్కటే కాదు. ముఖం ఆనించేటంత దగ్గరగా వెళ్ళి చూస్తే, ఒక్కొక్క బొట్టులోనూ ప్రొజెక్టరు వెలుగు చిన్న చుక్కగా ఉంది. మామ్మ కనుపాప ఉన్న చోట పోచలు అప్పటికే ముదిరి ఆకుపచ్చగా ఉన్నాయి, ఆ పక్కనే కంటి తెలుపులో పోచలు లేత పసుపు. రెండింటి మధ్య దూరం వేలెడు కూడా లేదు. ఊపిరి తగిలి ఒక బొట్టు జారి కిందిపోచ మీద పడింది. గదిలో మండె వాసన, తడి గోనె వాసన.

కాఫీ తాగుతుంటే బాబాయి అడిగారు: “పచ్చబడిందా అమ్మాయ్?”

ఏమని చెప్పాలో నాకు వెంటనే తోచలేదు. ఏ పచ్చ? పచ్చకామెర్లలో పచ్చ పసుపు, పచ్చికలో పచ్చ ఆకురంగు. పసిమి ఛాయ మనిషిని పచ్చగా ఉన్నాడంటాం, నిండుగా ఎదిగిన చేనును పచ్చగా ఉందంటాం. గడ్డి మీద బొమ్మ గురించి నేను చదివినవాటిలో పసుపూ ఆకుపచ్చా రెండు వేరు వేరు రంగులు, ఒకటి వెలుగుకు, ఒకటి లేమికి గుర్తు. మన మాటలో అవి ఒకే పేరు ఉన్న ఒకే రంగు తాలూకు రెండు కొసలు. మామ్మ ముఖమంతా ఆ రెండు పచ్చల మధ్యనే ఉంది, మూడో రంగు లేదు. మొక్కకూ ఇదే నిజం. పసుపుగా ఉన్న పోచ లోపమున్న పోచ కాదు, దానికి వెలుగు ఇంకా అందలేదు, అంతే. పిన్ని పెళ్ళిళ్ళలో పాలికలు గుర్తు చేశారు. నవధాన్యాలు చల్లిన మూకుళ్ళను దేవుడి గది మూలన పెడితే పసుపుపచ్చగా సాగే మొలకలను చూసి పెద్దవాళ్ళు ఎంత సంతోషించేవారో చెప్పారు. నా పనికి ఊరు కొత్త గాని ఊరికి నా పని కొత్త కాదని అప్పుడు తెలిసింది.

తొమ్మిదో రోజు: కోరింగ

యెదుర్లంక వంతెన మీద గౌతమిని దాటి, యానాం మీదుగా కోరింగ వెళ్ళాను. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ మడ అడవి వైశాల్యం 235 చదరపు కిలోమీటర్లు. చెక్కదారి మీద నడుస్తుంటే రెండు వైపులా బురదలోంచి మడచెట్ల శ్వాసవేళ్ళు పెన్సిళ్ళు నాటినట్టు పైకి లేచి ఉన్నాయి. బురదలో గాలి ఆడదు గనుక వేరే పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది. తెల్లమడ కొమ్మ ఒకటి దారి మీదికి వంగి ఉంది. ఆకును కోయకుండా వేలితో రాసి నాలుకకు అద్దుకుంటే ఉప్పు. చెట్టు తాగిన ఉప్పును ఆకు మీదికి పంపేసి, పలుకులుగా ఆరబెట్టుకుంటుంది. ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఆ పలుకులు మెరవడం కనిపించింది.

ఉప్పుపొన్న వంటి మడచెట్లకు కాయ కొమ్మన ఉండగానే మొలక వస్తుంది. పొడవైన పచ్చని మొలక తల్లిచెట్టుకు వేలాడుతూ పెరిగి, ఆ తరువాతే బురదలోకో నీటిలోకో రాలుతుంది. చీకటి గదిలో గింజలను దాచి వచ్చిన నాకు ఆ మొలకను చూస్తే ఎంతో గౌరవం కలిగింది. రాలిన తిల్ల ఆకులు ఎర్రగా ఉన్నాయి. వాటిలో పత్రహరితం ఇక లేదు, అచ్చు పడదు. అలాగే వదిలి వచ్చాను. ఇలాంటి చోట నా కళ చూడడం దగ్గరే ఆగాలని నా అభిప్రాయం. కోరింగ ఒకప్పుడు పెద్ద ఓడరేవు. 1839 నవంబరు తుఫానులో ఉప్పెన వచ్చి దాన్ని తుడిచిపెట్టింది. అలల ఉరవడిని విరిచేది ఈ వేళ్ళ గుబురే కాబట్టి, ఇక్కడి ఒక్క కొమ్మ విలువ నా బొమ్మలన్నింటికంటే ఎక్కువ.

పది, పదకొండు రోజులు

పదో రోజు రాత్రంతా కరెంటు లేదు. దానివల్ల నష్టం లేదు, చీకటిలో బొమ్మ పెరగదు గాని చెరగదు కూడా. నష్టం పదకొండో రోజు ఉదయం జరిగింది. నీళ్ళు చిలకరిస్తూ ప్రొజెక్టరు పెట్టిన స్టూలుకు మోకాలు తగిలించాను. బొటనవేలి వెడల్పు కదిలింది. నేల మీద సుద్దగీత గీసి ఉంచుకోవలసింది, గీయలేదు. కంటితో సరిచూసి తిరిగి అమర్చాను గాని ఎడమ చెంప అంచు రెండుసార్లు గీసినట్టయింది.

పన్నెండో రోజు

మామ్మ వస్తానన్న వేళకు కొట్టుగదిలో ప్రొజెక్టరు ఆపి, ఒక మామూలు బల్బు వెలిగించాం. ఆవిడ గడప దాటి వచ్చి ముందు దగ్గరకు వెళ్ళి, నారు మీద అరచేయి వేసి కొసల మీదుగా నిమిరారు. తరువాత రెండు వేళ్ళతో మొదళ్ళు విడదీసి చూశారు.

“విత్తనం ఒత్తుగా పడింది. నారు సాగింది గానండీ బలం లేదు. ఎండ తగల్లేదు కదా.”

అప్పుడు పిన్ని ఆవిడ భుజం పట్టుకుని ఐదారు అడుగులు వెనక్కు తీసుకొచ్చారు. పోచలు పోచలుగా ఉన్నది కాస్తా ఒక్కసారి ముఖమైంది. ముందు కళ్ళు, తరువాత ముడతలు, ముక్కుపుడక, చెవి పక్క నుంచి జారిన చీరకొంగు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. మామ్మ చాలాసేపు చూశారు. చెంప దగ్గర రెండుగా కనిపిస్తున్న గీతను చూపించి, “ఇక్కడ కదిలానాండీ?” అని అడిగారు. మీరు కాదు మామ్మా, నేను కదిపాను అన్నాను. పరవాలేదన్నట్టు తల ఊపారు.

ఆ తరువాత ఆవిడ అడిగింది నేను ఊహించనిది కాదు, అయినా జవాబుకు సిద్ధంగా లేను. వీధిలోవాళ్ళందరూ చూడాలి, ఈ చీకటికొట్టులోకి ఎంతమంది వస్తారు, వాకిట్లోకి తెమ్మన్నారు. ఎండలో పెడితే పసుపుపోచలన్నీ రెండు మూడు రోజుల్లో ఆకుపచ్చబడి బొమ్మ కలిసిపోతుందని చెప్పాను. ఈ ఇబ్బంది ఆక్రాయిడ్, హార్వీలకూ వచ్చింది. వారు వేల్సులోని ఎబరిస్ట్‌విత్‌లో గడ్డి మీద పరిశోధన చేసే శాస్త్రవేత్తలతో కలిసి, ఆరినా పచ్చదనం పోని రకం గడ్డిని 1990ల చివర నుంచి వాడి, బొమ్మల ఆయుష్షు పెంచుకున్నారు. మనకు ఆ గడ్డి లేదు, కాటన్‌దొర సన్నాలున్నాయి. చీకట్లోనే ఉంచి ఆరబెడితే కొన్నాళ్ళు నిలుస్తుందేమో గాని నారు చనిపోతుంది.

మామ్మ నా మాట పూర్తిగా విని, “నారును సంపుకుంటామాండీ ఎక్కడన్నా” అన్నారు.

కెమెరాతో ఆరు ఫోటోలు తీశాను. ఒకటి పెద్దదిగా అచ్చువేయించి, నీళ్ళకు తడవని రేకుపెట్టెతో సహా ఆవిడకు పంపుతానని మాట ఇచ్చాను. ఉదయం ఎనిమిదింటికి బాబాయి, నేను చట్రం మోసుకొచ్చి తులసికోట పక్కన నిలబెట్టాం. వీధంతా వచ్చింది. పిల్లలు దగ్గరకు పరిగెత్తి ఏమీ కనిపించక, మళ్ళీ వెనక్కు పరిగెత్తి చూసి కేకలు వేశారు. మధ్యాహ్నం రెండింటికి చీర అంచుల్లో లేత ఆకుపచ్చ కనిపించింది. సాయంత్రం నుదురు ఇంకా పసుపుగానే ఉంది.

పద్నాలుగో రోజు

నిన్న సాయంత్రానికి జుట్టు, కనుబొమలు ఉన్న చోటు మాత్రమే, ఎక్కడుందో తెలిసినవాళ్ళకు, కొంచెం ముదురుగా కనిపించింది. ఈ ఉదయం అదీ లేదు. పట్టా మొత్తం ఒకే పచ్చగా, సన్నగా, కొసలు కొద్దిగా పట్టు తప్పి ఒరిగి ఉంది.

బాబాయి నారుమడికి ఈ వారమే విత్తనం చల్లారు. మడిలో ఒక మూల రెండు గజాల చోటు మాకు వదిలారు. చట్రం నుంచి పట్టా విప్పి, నాలుగు ముక్కలుగా కోసి, యంత్రపు నాట్లకు నారు చాపలు చుట్టినట్టు చుట్టి గట్టు మీదికి తీసుకెళ్ళాం. మామ్మ గట్టు మీద కూర్చుని ఏ ముక్క ఎటు పరచాలో చెప్పారు, ఒక ముక్క ఎత్తుగా ఉందంటే తీసి బురద సరిచేసి మళ్ళీ పరిచాను. తరువాత తానే మెల్లగా దిగి, అంచులు లేవకుండా పాదంతో చుట్టూ అదిమారు. బాబాయి కాలువ వైపు గండి తీశారు. నీరు ముందు పిల్లకాలువలో నిండి, మడి చుట్టూ తిరిగి, గోనె అంచు దాటి మొలకల మొదళ్ళ దాకా వచ్చింది.